తరవాణి సాక్ష్యం

"నీ తరఫున సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మేజిస్ట్రేటు గారు అడగడం, "ఎవరూ లేరండి" అని డ్రైవరు దైవాధీనం తల దించుకోవడం, కోర్టు హాలు గుమ్మం దగ్గర్నుంచి "నేనున్నాను బాబూ" అని ఓ ఆడగొంతు వినిపించడం. కిందటివారం సరిగ్గా అక్కడ ఆగిపోయాం. ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు తక్కువమంది ఉండరు. ఆ తిట్లన్నీ నెత్తిన పెట్టుకునే ఈ వారం మొదలుపెడుతున్నాను.

ఇప్పుడే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. బందరు నుంచి గుడివాడ వచ్చే మొదటి బస్సు నడిపేది దైవాధీనం. బొగ్గుతో బస్సులు నడిచే రోజుల్నుంచీ స్టీరింగు పట్టినవాడు. బందరు పక్కనున్న క్రైస్తవ పేటలో ఖాకీ చొక్కా తొడుక్కుని మోటారు ఎక్కిన మొదటి మనిషి. మద్యం ముట్టనని చర్చిలో పాస్టరు గారి ఎదుట ప్రమాణం చేసి, ఆ మాట మీదే ఉన్నవాడు. అలాంటి మనిషి బస్సుని గుడ్లవల్లేరు వంతెన దగ్గర ఎస్సై గారు ఆపారు. బస్సునిండా జనం చూస్తుండగా కిందికి దింపి, "నా మొహం మీద ఊదు" అన్నారు. ఊదాడు. గుప్పుమని పులిసిన వాసన. అక్కణ్నుంచి డాక్టరు ప్రకాశరావు గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయనా ఊదించుకున్నారు, ఆయనకీ అదే వాసన తగిలింది. మద్యనిషేధం కింద ఒక కేసు, తాగి బండి నడిపాడని ఇంకో కేసు. రుజువైతే లైసెన్సు పోతుంది. పేటలో పిల్లలు వేలెత్తి చూపించి "అడుగో మన డ్రైవరు" అనే ఆ ఒక్క మాటా పోతుంది. దైవాధీనానికి జైలు కన్నా ఆ మాట పోవడమే భయం.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

అక్కడ నిలబడ్డావిడ సీతారత్నం గారు. గుడ్లవల్లేరు బ్రాహ్మణవీధిలో కాలవవైపు చివరిల్లు ఆవిడది. తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకుని, చేత్తో ఇత్తడి మరచెంబు పట్టుకుని ఉంది. తోడు లేకుండా రైలెక్కడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. గుడివాడ స్టేషన్లో దిగి, కోర్టు ఎటు అని నలుగుర్ని అడుగుతూ ఎండలో నడిచి వచ్చింది. ఆవిణ్ణి చూడగానే బోనులో ఉన్న దైవాధీనం మొహం పాలిపోయింది.

"అమ్మగారూ, వద్దండి. మీరు వెళ్లిపోండి" అన్నాడు.

మొహం పాలిపోయిన మనిషి ఇంకొకడు కూడా ఉన్నాడు. మేజిస్ట్రేటు గారి బల్ల కిందుగా కూర్చుని సాక్ష్యాలు రాసే గుమాస్తా శేషాచలం. ఆవిడ అతని కన్నతల్లి.

మేజిస్ట్రేటు గారు సంగతి తెలుసుకుని, "శేషాచలం, నీకు ఇబ్బందిగా ఉంటే బయటికి వెళ్లు, ఇంకొకరు రాస్తారు" అన్నారు. ఆయన అయ్యవార్ల ఇంట పుట్టినవారు. ఎదుటివాడు నలిగిపోతుంటే చూడలేరు. శేషాచలం "ఫర్వాలేదండి" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఎంత ఖరీదు కట్టాలో అతనికి అప్పుడు తెలియదు.

తల్లి సాక్షి బోనెక్కింది. ఆనవాయితీ ప్రకారం కొడుకే ప్రమాణం చేయించాలి, కొడుకే వివరాలు అడగాలి.

"సాక్షి పేరు?"

"సీతారత్నం."

"భర్త పేరు?"

ఆవిడ కొడుకు వైపు వింతగా చూసింది. "ఆయన పేరు నా నోటితో చెప్పిస్తావుట్రా? నీకు తెలీదూ? రాసుకో."

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. శేషాచలం చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి పేరు తనే రాసుకున్నాడు.

దైవాధీనం తరఫు ప్లీడరు సత్యవేదం గారు లేచారు. ఈ కేసులో పాపం ఆయనకి ఇంతవరకూ పని లేదు. తన క్లయింటు నోరు విప్పితే కదా! ఆ వాసన ఏమిటి దైవాధీనం అని ఎన్నిసార్లు అడిగినా, "నేను తాగలేదండి" అన్నదే తప్ప రెండో మాట రాలేదు. ఇప్పుడీ ముసలావిడ ఏం చెబుతుందో ఆయనకీ తెలియదు. అయినా అంతా తెలిసినట్టే నల్లకోటు సర్దుకుని, "మీకు తెలిసింది చెప్పండమ్మా" అన్నారు.

"చెప్పడానికేముంది బాబూ. ఆ వాసన మా ఇంటిది" అంది సీతారత్నం గారు.

అని, ఇంట్లో పక్కింటావిడతో మాట్లాడుతున్నంత తేలిగ్గా చెప్పుకొచ్చింది. "ఈ దైవాధీనం బస్సు పొద్దున్నే మా ఇంటి ముందుకొచ్చేసరికి ఇంజను మరిగిపోయి ఉంటుంది. బుస్సుబుస్సుమని పొగలు. దానికి నీళ్లు పొయ్యాలి. ఎండాకాలం కాలవ కట్టేస్తే ఎక్కడున్నాయి నీళ్లు? మా గుమ్మంలోకొచ్చి, అమ్మగారూ, బండికి కాసిని నీళ్లు పోయించండి అన్నాడు. నూతిలోంచి నేనే తోడి వాడి డబ్బాలో పోశాను. అలా రోజూ పోస్తున్నాను. ఓరోజు చూద్దును కదా, నీళ్లు పోసి మూత బిగించి అక్కడే మడ్‌గార్డు పట్టుకుని కూలబడ్డాడు. కళ్లు తిరిగాయిట. ఏం తిన్నావురా అంటే, తెల్లారకుండా బయల్దేరతానమ్మా, అప్పుడు ఇంట్లో ఆడమనిషిని లేపబుద్ధి కాదు అన్నాడు. బండికి నీళ్లు పోసి మనిషిని వదిలేస్తానా? లోపలికెళ్లి తరవాణి తెచ్చి పోశాను. ఆవేళ్టి నుంచీ బండికి నీళ్లు, వీడికి తరవాణి. ఎండాకాలం అయ్యేదాకా అంతే."

తరవాణి గురించి మన జిల్లావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గంజీ నీళ్లూ కుండలో పోసి, నిమ్మాకు వేసి, నాలుగు రోజులు పులవనిస్తే అదే తరవాణి. ఉప్పు వేసుకుని తాగితే వడదెబ్బ దగ్గరికి రాదు. అయితే వాసన మాత్రం, మర్యాదగా చెప్పాలంటే, కాస్త గట్టిదే. తాగినవాడు పక్కన కూర్చుంటే తాగనివాడు జరిగి కూర్చుంటాడు. కల్లుకుండ దగ్గర్నుంచి వచ్చాడా అని అనుమానపడితే తప్పు పట్టలేం.

వెనక బల్ల మీద కూర్చున్న అన్నమ్మ, దైవాధీనం భార్య, ఇదంతా నోరు తెరుచుకుని వింటోంది. కేసు పెట్టిన రోజు నుంచీ ఆవిడ నిద్రపోలేదు. ఉతికేటప్పుడు మొగుడి చొక్కా వాసన తనూ చూసింది. చూసి, బయటికి అనలేక, లోపల పెట్టుకోలేక, ప్రార్థనలో మోకాళ్ల మీదే ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ వీపు నిటారుగా అయింది. చుట్టూ ఉన్నవాళ్లందర్నీ ఒకసారి తేరిపార చూసింది. ఆ తర్వాత బోనుకేసి చూసి, పళ్ల బిగువున, "నాకైనా చెప్పకూడదా మహానుభావా" అనుకుంది.

ఎస్సై గారు ఊరుకుంటారా? కేసులు నడిపే ఇన్‌స్పెక్టరు సెలవులో ఉండడంతో, పట్టుకున్న కేసుని తనే నడుపుకుంటున్నారాయన. ఈ స్టేషనుకి కొత్తగా వచ్చారు. తాగి బళ్లు నడిపేవాళ్ల భరతం పడతానని వచ్చిన రోజే అందరికీ చెప్పారు. నిజానికి ఆయన చేసే పని మంచిదే. లారీల వాళ్లు సారా దొరక్క మందుల షాపు టించరు తాగి కాలవల్లో పడుతున్న రోజులవి. కానీ మొదటి గేలానికే పెద్దచేప పడిందని సంబరపడ్డారు. ఆ చేప జారిపోతుంటే చూస్తూ ఎలా కూర్చుంటారు?

"అమ్మగారూ, మీది ఆచారం ఉన్న ఇల్లేనా?" అని అడిగారు.

"మా వీధిలో ఎవర్నైనా అడగండి."

"ఆచారం ఉన్న ఇంట్లో తరవాణి కుండని దేవుడి మూల పెట్టి పసుపు బొట్టు పెడతారు. మడి లేకుండా కోడల్ని కూడా తాకనివ్వరు. మా అమ్మగారింట్లోనూ అంతే. ఆ కుండలోంచి తీసి పేట మనిషికి పోశానంటారు! ఇక్కడున్న ఒక్కరు నమ్ముతారా?"

నిజంగానే ఎవరూ నమ్మలేదు. ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ ఆ కుండ సంగతి తెలుసు. ఇన్నాళ్లూ దైవాధీనం నోరు మూసుకుని కూర్చున్నది ఎందుకో కూడా అప్పుడే అందరికీ అర్థమైంది. ఆ మాట బయటపెడితే తన లైసెన్సు దక్కుతుంది, ఆవిడ వీధిలో తలెత్తుకోలేదు. అందుకే డాక్టరు గారు ఏం తిన్నావని అడిగితే ఏమీ తినలేదని అబద్ధమాడాడు. అతను ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ అబద్ధమే అతన్ని బోనులో నిలబెట్టింది.

"అయ్యా, అమ్మగారికేం తెలీదండి. నేను తాగాననే రాసుకోండి" అన్నాడు దైవాధీనం.

"నువ్వు నోరు ముయ్యి!" అని కసిరింది సీతారత్నం గారు. "నాకోసం నువ్వు తాగుబోతువి అవుతావా? ఆ పాపం నాకెందుకు?" తర్వాత ఎస్సై వైపు తిరిగింది. "మీరన్నది నిజమే నాయనా. ఆ కుండ మా అత్తగారు నాకు అప్పగించింది. ఆవిడ ఉంటే ఈ పని ఒప్పుకునేది కాదు. నేను ఒప్పుకున్నాను. బస్సునిండా జనాన్ని, చంటిపిల్లలతో సహా, వాడి చేతుల్లో పెట్టి పంపిస్తున్నాం. వాడు కళ్లు తిరిగి కాలవలో పడితే నా మడి వాళ్లని పైకి తీస్తుందా?"

"దోసిట్లో పోశారా, గ్లాసులో ఇచ్చారా?" అన్నారు ఎస్సై గారు. ఆ ప్రశ్న కేసు కోసం కాదు. ఆవిణ్ణి కించపరచడానికి. ఆ సంగతి అందరికీ తెలిసింది, మేజిస్ట్రేటు గారికి కూడా. ఆయన అడ్డుపడబోయేలోపే ఆవిడ జవాబు చెప్పేసింది.

"మొదట్లో దోసిట్లోనే పోశాను. వాడు వంగి తాగుతుంటే చూశాను. నా కొడుకంత చిన్నవాడు కాకపోయినా తమ్ముడంత ఉంటాడు. సిగ్గేసింది. మర్నాటి నుంచీ గ్లాసులో ఇస్తున్నాను. కంచు గ్లాసే. ఆ గ్లాసు నేనే కడుక్కుంటాను. రాసుకో శేషాచలం."

శేషాచలం రాశాడు. తలెత్తకుండా రాశాడు.

"ఈ సంగతి మీ ఇంట్లోవాళ్లకి తెలుసామ్మా?" అని మేజిస్ట్రేటు గారు మెల్లగా అడిగారు.

"లేదు బాబూ. ఇంట్లో ఉండేది మా శేషాచలం ఒక్కడే. కోడలు పురిటికి వెళ్లింది. బస్సొచ్చే వేళకి వీడు లేవడు. వీడికేం తెలీదు."

శేషాచలం అది కూడా రాశాడు.

ఇంతలో ఆవిడకే ఓ ఆలోచన వచ్చింది. హాల్లో చూపు తిప్పి, "ఇక్కడ డాక్టరు గారెవరు?" అంది. ముందు వరసలో ఉన్న ప్రకాశరావు గారు లేచి నిలబడ్డారు. వైద్యంలో చెయ్యి తిరిగిన మనిషి. మాట మెత్తన.

"వీడి నోరు వాసన చూసి రాసింది మీరేగా?"

"నేనేనమ్మా. ఏం తిన్నావని అడిగాను. ఏమీ తినలేదన్నాడు. ఏదైనా తిన్నానంటే వేరేగా ఆలోచించేవాణ్ణి."

"మీ తప్పేం లేదు. వాడు వెధవ పని చేశాడు. ఇప్పుడు నన్ను చూడండి."

మరచెంబు మూత తిప్పింది. బయటి నీళ్లు ముట్టని మనిషి కనక దారికి తరవాణే తెచ్చుకుంది. చెంబు పైకెత్తి, పెదవి తగలకుండా గటగటా గొంతులో పోసుకుంది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"రండి బాబూ. ఊదుతాను. నేను తాగానో లేదో మీరే చెప్పండి."

హాలంతా గొల్లుమంది. జవాన్లు కూడా నవ్వారు. డాక్టరు గారికి కాళ్లు ముందుకు పడలేదు. తల్లి వయసున్న ఆచారవంతురాలి నోటి దగ్గర ముక్కు పెట్టడమేమిటి! ఆయన మేజిస్ట్రేటు గారి వంక చూశారు. మేజిస్ట్రేటు గారు నవ్వు ఆపుకుంటూ తలూపారు. ప్రకాశరావు గారు బోను దగ్గరికొచ్చి వంగారు. సీతారత్నం గారు పొయ్యి ఊదే ఆడమనిషి కదా, నిండుగా ఊపిరి పట్టి ఊదింది.

ఆయన అలాగే కాసేపు ఉండి, తల పైకెత్తారు. ఇప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

"అదే వాసనండి" అన్నారు.

"సరిగ్గా చెప్పండి" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"ఆ రోజు దైవాధీనం నోట్లో ఏ వాసన వచ్చిందో ఇప్పుడీ అమ్మగారి నోట్లోనూ అదే వస్తోంది. నేను రాసిచ్చిన దాంట్లో కూడా ఉందండి. మనిషి తిన్నగా నడిచాడు, మాట తడబడలేదు, కంటిపాపలు మామూలుగానే ఉన్నాయి, ఒక్క పులిసిన వాసన తప్ప. ఆ ఒక్కదాన్నీ పట్టుకుని మద్యం అని రాశాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

"నన్ను కూడా నడిపించండి మరి" అంది సీతారత్నం గారు. "వాణ్ణి సుద్దతో గీత గీసి నడిపించారుట కదా. నాకూ గీయండి. నడుస్తాను."

ఇక నవ్వు ఆపడం ఎవరి వల్లా కాలేదు. మేజిస్ట్రేటు గారు బల్ల మీద చేత్తో కొట్టారు గానీ ఆ కొట్టడంలోనూ నవ్వే ఉంది. అక్కరలేదమ్మా అన్నారు. అన్నమ్మ మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, బోనులో ఉన్న ఆ తెల్లచీర మనిషికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆవిడ వెనకే పేట నుంచి వచ్చినవాళ్లంతా లేచారు. నేను కోర్టులు చాలా చూశాను. మనుషులు భయంతో లేచి నిలబడడం చూశాను, అలవాటుతో నిలబడడం చూశాను. అంత గర్వంగా నిలబడడం మా గుడివాడ కోర్టులోనే చూశాను.

దైవాధీనం ఖాకీ చొక్కా చేతుల్తో కళ్లు తుడుచుకున్నాడు. ఆ చొక్కా మీద కంపెనీ వాళ్ల ఇత్తడి బిళ్ల లేదు. కేసు పెట్టిన రోజే విప్పించుకున్నారు. అయినా అతని ఛాతీ ఇవాళ దాని అవసరం లేనట్టే ఉంది.

మేజిస్ట్రేటు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఎస్సై గారూ, ఇంకేమైనా ఉందా?" అన్నారు.

అక్కడితో లేదండి అని కూర్చుంటే ఆయనకీ బాగుండేది, ఇంకొకరికీ బాగుండేది. కానీ హాలంతా తనని చూసి నవ్విందని ఆయనకి అప్పటికే ఒళ్లు మండుతోంది. ఆ మంటలో మనిషి అనకూడనిది అంటాడు.

"ఉందండి. దారినపోయే బస్సుని నేను ఊరికే ఆపలేదండి. గాలి కబురు విని ఆపలేదండి. ఆ మొదటి బస్సు డ్రైవరు నోట్లో రోజూ కల్లు వాసన వస్తుంది, మా వీధి ముందే ఆగుతాడు, ఓసారి పట్టుకు చూడండి అని నాకు చెప్పారు. చెప్పింది దారినపోయేవాడు కాదండి. కోర్టులో పనిచేసే పెద్దమనిషి. అలాంటివారి మాట నమ్మడం నా తప్పంటే, నాదే తప్పు."

"ఎవరా పెద్దమనిషి? చెప్పి తీరాలని మిమ్మల్ని బలవంతపెట్టను" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"బలవంతమెందుకండి" అన్నారు ఎస్సై గారు. చెయ్యి చాచి బల్ల కిందుగా చూపించారు. "ఈ శేషాచలం గారేనండి."

అంతవరకూ గరగరా నడుస్తున్న కలం చప్పుడు ఆగిపోయింది.

దైవాధీనం కొయ్యబారిపోయాడు. సత్యవేదం గారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు. ఆ తరవాణి పోయడం ప్రతిరోజూ కిటికీలోంచి చూస్తూ, తల్లిని వద్దనే ధైర్యం లేక, వీధికి తెలిస్తే పరువు పోతుందనే భయం తీరక, డ్రైవర్ని తప్పిస్తే చాలు అనుకున్న కొడుకు అక్కడ కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే లేవడని తల్లి ప్రమాణం చేసి చెప్పిన కొడుకు.

సీతారత్నం గారు బోను కర్ర పట్టుకుంది. కొడుకు వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందికి రాలేదు. ఆవిడ గొంతు, ఇందాక గ్లాసు సంగతి చెప్పినప్పుడు ఎంత నిబ్బరంగా ఉందో ఇప్పుడూ అంతే నిబ్బరంగా ఉంది.

"రాయి నాయనా. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. ఆగిపోయావేం?"

శేషాచలం కలం సిరాలో ముంచాడు. కాగితం దాకా తీసుకెళ్లాడు. అక్కణ్నుంచి దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసి, లేచి నిలబడి, మేజిస్ట్రేటు గారి వైపు కాకుండా, దైవాధీనం ఉన్న బోను వైపు నడిచాడు.